మొదటి ఇల్లు: ఫ్లాటా, ఇండిపెండెంటా, విల్లానా? చూడ్డానికి వెళ్ళకముందే తేల్చుకోండి

మా పిన్ని కొడుకు, అతని భార్య పదకొండు ఆదివారాలు హైదరాబాద్ అంతా తిరిగి ఇళ్ళు చూశారు. ఒక వారం తెల్లాపూర్‌లో పద్దెనిమిదో అంతస్తు ఫ్లాటు, ఇంకో వారం బోడుప్పల్‌లో 150 గజాల ఇండిపెండెంట్ ఇల్లు, ఆ తర్వాత షాద్‌నగర్ వైపు ఓపెన్ ప్లాటు, మధ్యలో ఎవరో చెప్పారని ఒక విల్లా. పన్నెండో ఆదివారం మా ఇంటికొచ్చి కూర్చున్నారు. మరదలు తన నోట్‌బుక్ తీసి నా ముందు పెట్టింది. పేజీల నిండా ధరలే. "వదినా, చూసినప్పుడు ప్రతిదీ బాగుందనిపిస్తోంది. ఇంటికొచ్చాక ఏదీ తేలట్లేదు" అంది.

ఫ్లాటునీ ప్లాటునీ పక్కపక్కన రాసుకుని ధర పోల్చుకుంటే ఎవరికైనా అలాగే అవుతుంది. ఇల్లు కొన్నప్పుడు మనం మూడింటికి డబ్బు కడతాం. కింద నేలకి, పైన కట్టడానికి, చుట్టుపక్కల వాళ్ళతో కలిసి నడుపుకునే ఏర్పాటుకి. ప్లాటులో అంతా నేలే. ఎత్తైన టవర్‌లో ఫ్లాటంటే నేల చాలా తక్కువ, కట్టడం, ఏర్పాటు ఎక్కువ. ఇండిపెండెంట్ ఇంట్లో నేలా కట్టడమూ మీవే, నడుపుకోవడం మాత్రం మీ ఒక్కరి బాధ్యత. ఈ మూడింటిలో మీకేది ఎంత కావాలో తెలిస్తే సగం ఇళ్ళు చూడకుండానే వదిలేయొచ్చు. ఆ రోజు ముగ్గురం కూర్చుని చేసిన కసరత్తునే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. మాకు తెలిసింది హైదరాబాద్ కాబట్టి ఉదాహరణలు ఎక్కువ అక్కడివే.

1. డబ్బు లెక్క ముందు కాగితం మీద పెట్టండి

"మన బడ్జెట్ 80 లక్షలు" అని బయల్దేరేవాళ్ళు చాలామంది. ఆ 80 లక్షలు ఇంటి ధరా, మొత్తం ఖర్చా అనడిగితే చెప్పలేరు. రెండూ ఒకటి కావు.

రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం 30 లక్షల లోపు గృహరుణమైతే బ్యాంకు ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చు. రుణం 30 నుంచి 75 లక్షల మధ్య అయితే 80 శాతం, 75 లక్షలు దాటితే 75 శాతం. అంటే 80 లక్షల ఫ్లాటుకి గరిష్ఠంగా 64 లక్షల రుణం, 16 లక్షలు మీ చేతి నుంచి. దానితో అయిపోదు. స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి తెలంగాణలోనూ ఆంధ్రాలోనూ సుమారు 7.5 శాతం, అంటే ఆరు లక్షలు. ఇది మామూలుగా బ్యాంకు రుణంలోకి రాదు. ఇల్లు ఇంకా కడుతుంటే 5 శాతం జీఎస్టీ, మరో నాలుగు లక్షలు. కిచెన్ అరలు, బెడ్‌రూమ్ వార్డ్‌రోబ్‌లు, ఫ్యాన్లు, గీజర్లు, కర్టెన్లకి ఎంత బిగబట్టినా అయిదు లక్షలు పెట్టుకోండి. చేతిలో ఉండాల్సింది 16 కాదు, 31 లక్షలు. 64 లక్షల రుణానికి 8.5 శాతం వడ్డీ, ఇరవై ఏళ్ళంటే నెలకి సుమారు 55,500 రూపాయల ఈఎంఐ.

ఈ లెక్క ఇంటి రకాన్ని ఎలా మారుస్తుందో చూడండి. ఓసీ, అంటే ప్లాను ప్రకారం కట్టారని, దిగొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, వచ్చేసిన ఇల్లయితే జీఎస్టీ లేదు. చేతులు మారుతున్న పాత ఫ్లాటుకీ లేదు. పాతదైతే కిచెన్ అరలు, వార్డ్‌రోబ్‌లు చాలాసార్లు ఉన్నవే వస్తాయి. చేతిలో నగదు తక్కువగా ఉన్నవాళ్ళకి ఐదారేళ్ళ పాత ఫ్లాటు మంచి దారి అని నేననేది ఇందుకే.

పాత ఇళ్ళు, ప్లాట్ల బేరంలో ఒక మాట తరచుగా వినిపిస్తుంది: "కొంత వైట్, కొంత క్యాష్." మొదటిసారి కొనేవాళ్ళు ఇక్కడే చిక్కుకుంటారు. బ్యాంకు రుణం కాగితం మీద చూపిన విలువకే వస్తుంది, మిగతాదంతా మీ జేబులోంచి. పైగా ఆస్తి లావాదేవీలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోవడానికి ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు. రేపు మీరు అమ్మేటప్పుడు మీ కొన్న ధర తక్కువగా కనబడి పన్ను మీ నెత్తిన పడుతుంది. మొత్తం చెక్కు మీద ఇస్తామని మొదటి ఫోన్‌లోనే చెప్పేయండి. కుదరదంటే ఆ ఇల్లు చూడ్డానికి వెళ్ళకండి.

2. మీ ఇంట్లో ఒక మామూలు మంగళవారం ఎలా గడుస్తుందో రాయండి

ఆదివారం కాదు, పండగ కాదు, మంగళవారం. పొద్దున ఆరింటికి ఎవరు లేస్తారు, పాలు ఎవరు తెస్తారు, పిల్లలు బడి బస్సు ఎక్కేదెక్కడ, పగలు ఇంట్లో ఎవరుంటారు, కొరియర్ వస్తే తీసుకునేదెవరు, రాత్రి ఎన్నింటికి ఇల్లు చేరతారు. మా తమ్ముడు వాళ్ళది రాస్తే ఇలా తేలింది. ఇద్దరూ తొమ్మిదింటికల్లా ఆఫీసుకి, మూడేళ్ళ పాప డేకేర్‌కి, ఇంటికి పగలంతా తాళం. ఏడాదిలో నాలుగు నెలలు పిన్ని వచ్చి ఉంటుంది, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు.

ఇది రాశాక బోడుప్పల్ ఇండిపెండెంట్ ఇల్లు దానంతటదే జాబితాలోంచి పోయింది. ఎందుకంటే ఇండిపెండెంట్ ఇంటికి పగలు ఒక మనిషి కావాలి. సంపులోకి నీళ్ళు వదిలే టైముకి వాల్వ్ తిప్పాలి, మోటారు వేసి ఆపాలి, డ్రైనేజీ పొంగితే మున్సిపాలిటీకి ఫోన్ చేసి వాళ్ళొచ్చేదాకా నిలబడాలి. అదే పెద్దవాళ్ళు ఏడాదంతా కలిసి ఉండే ఇంట్లో ఇవి పనుల్లా అనిపించవు. గుమ్మం ముందు ముగ్గు, పెరట్లో కరివేపాకు చెట్టు, సాయంత్రం అరుగు మీద కూర్చుని వీధిలో పోయేవాళ్ళని పలకరించడం, ఇవన్నీ వాళ్ళ రోజులో భాగం. రిటైరై వచ్చిన నాన్నని పద్దెనిమిదో అంతస్తులో కూర్చోబెడితే ఆయన బాల్కనీలోంచి కార్లు లెక్కపెట్టుకుంటూ మిగిలిపోతారు. ఇది నేను కళ్ళారా చూశాను, అందుకే గట్టిగా చెబుతున్నాను.

ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి. ఈ ఇంట్లో ఎన్నేళ్ళు ఉంటారు? ఉద్యోగాల వల్ల ఐదారేళ్ళలో బెంగళూరో డల్లాసో వెళ్ళే అవకాశం ఉంటే, తాళం వేసి వెళ్ళినా, అద్దెకిచ్చినా ఇబ్బంది లేని ఫ్లాటే మేలు. పిల్లల చదువు అయ్యేదాకా కదలం అనుకుంటే నేల ఎక్కువున్న రకం వైపు మొగ్గండి. గోడలకి వయసు మీద పడుతుంది, ఏళ్ళు గడిచేకొద్దీ విలువ నిలబెట్టేది నేలే.

3. ఇప్పుడు ఒక్కో రకాన్నీ దగ్గరగా చూడండి

వీధిలోని చిన్న అపార్ట్‌మెంట్

మనవాళ్ళు స్టాండలోన్ అంటారు, కోస్తాలో గ్రూప్ హౌస్ అనడం ఎక్కువ. 500 గజాల స్థలంలో స్టిల్ట్ మీద, అంటే కింద పార్కింగ్‌కి వదిలి, ఐదంతస్తులు, అంతస్తుకి రెండేసి, మొత్తం పది ఫ్లాట్లు అనుకుందాం. ఒక్కొక్కరికి 50 గజాల యూడీఎస్, అంటే విభజించని నేలలో వాటా, వస్తుంది. ఎకరానికి 150 ఫ్లాట్లు పెట్టిన టవర్‌లో ఆ వాటా 32 గజాలే. ఇరవై ముప్ఫై ఏళ్ళ తర్వాత పాత బిల్డింగ్ పడగొట్టి మళ్ళీ కట్టుకోవాల్సి వస్తే అప్పుడు మాట్లాడేది ఈ గజాలే. సేల్ డీడ్‌లో యూడీఎస్ ఎన్ని గజాలో స్పష్టంగా రాశారో లేదో చూసుకోండి.

దీని బలం, ఊరి మధ్యలో, బడికీ కూరగాయల మార్కెట్‌కీ నడిచి వెళ్ళే దూరంలో దొరకడం. మెయింటెనెన్స్ తక్కువ. ఇబ్బందులు కూడా ఆ చిన్నతనంలోంచే వస్తాయి. పదిమందిలో ఇద్దరు మెయింటెనెన్స్ కట్టకపోతే లిఫ్టు బాగుచేయించడానికి డబ్బు చాలదు. పక్క బిల్డింగ్ గోడ చేతికందేంత దగ్గరుంటే పగలే లైటు వేసుకోవాలి.

మేం మొదట కొన్నది ఇలాంటిదే, మియాపూర్ అవతల. చూసింది డిసెంబర్‌లో. కొళాయి తిప్పితే నీళ్ళు ధారగా పడ్డాయి, సంతోషించాం. మే నెల వచ్చేసరికి బోరు ఎండిపోయింది. పొద్దున నాలుగున్నరకి ట్యాంకర్ హారన్ వినపడగానే లేచి, సంపు మూత తీసే వాచ్‌మన్ కోసం కిందికి పరుగెత్తేదాన్ని. ఒకరోజు వాచ్‌మన్ భార్య మెట్లు కడుగుతూ, "ప్రతి ఎండాకాలం ఇంతేనమ్మా, కొనేటప్పుడు మీరు అడగలేదుగా" అంది. నిజమే, మేం అమ్మిన మనిషిని అడిగాం, అక్కడ ఉండే మనిషిని అడగలేదు. అప్పట్నుంచి ఎవరితో ఇల్లు చూడ్డానికి వెళ్ళినా ముందు వాచ్‌మన్ గదికే వెళ్తాను. నెలకి ఎన్ని ట్యాంకర్లు వస్తాయి, లిఫ్టు ఎన్నిసార్లు ఆగింది, ఎవరికెవరికి పడదు, పైకప్పు ఎక్కడ కారుతుంది, అన్నీ ఆ గదిలో తెలుస్తాయి.

పై అంతస్తు మీద 'పెంట్‌హౌస్' చవగ్గా వస్తోందంటే జాగ్రత్త. ప్లానులో ఐదంతస్తులకే అనుమతి ఉండి ఆరోది పైన వేసిన బిల్డింగులు మన నగరాల్లో ఎన్నో. ఆ అంతస్తుకి ఓసీ రాదు. తక్కువ ధర చూసి దిగినవాళ్ళు మళ్ళీ అమ్ముకోలేక అవస్థ పడతారు.

గేటెడ్ కమ్యూనిటీ ఫ్లాటు

ఇద్దరూ ఉద్యోగాలు చేసి, చిన్నపిల్లలున్న ఇంటికి ఇది నిజంగా సుఖం. గేటు దగ్గర సెక్యూరిటీ, జనరేటర్, పిల్లలు బండ్ల భయం లేకుండా ఆడుకునే చోటు, ఇంట్లో ఎవరూ లేకపోయినా కొరియర్ తీసుకునేవాళ్ళు. ఒంటరిగా ఉండే ఆడవాళ్ళకీ, పిల్లలు విదేశాల్లో ఉన్న పెద్దవాళ్ళకీ ఇది మంచి నీడ.

దానికి ప్రతినెలా ఖరీదు ఉంటుంది. మెయింటెనెన్స్ ఎస్‌ఎఫ్‌టీకి మూడు రూపాయలంటే చిన్నదనిపిస్తుంది. 1,500 ఎస్‌ఎఫ్‌టీకి నెలకి 4,500, ఏడాదికి 54,000. ఈఎంఐ ఇరవై ఏళ్ళకి తీరుతుంది, ఇది మాత్రం తీరేది కాదు. ఇల్లు అప్పగించేటప్పుడు కార్పస్ ఫండ్ పేరుతో, అంటే రేపటి పెద్ద ఖర్చులకి దాచే నిధికి, ఒకేసారి కట్టాల్సింది వేరే. స్విమ్మింగ్ పూల్ మీరు వాడినా వాడకపోయినా ఖర్చు పంచుకోవాలి. అందుకే క్లబ్‌హౌస్ చూసి ముచ్చటపడేముందు మీ ఇంట్లో దాన్ని వాడేదెవరో పేరుపేరునా చెప్పుకోండి.

ఇక్కడ అమ్మే కొలత సూపర్ బిల్టప్. కారిడార్, లిఫ్టు, మెట్లు, క్లబ్‌హౌస్‌లో మీ వాటా అంతా అందులో కలిపేస్తారు. రెరా, అంటే ఇళ్ళు కొనేవాళ్ళని కాపాడే రియల్ ఎస్టేట్ చట్టం, ప్రకారం కార్పెట్ ఏరియా అంటే లోపలి గోడలు కలుపుకుని, బయటి గోడలు, బాల్కనీ తీసేసి లోపల వాడుకునే చోటు. రెండు ఫ్లాట్ల ధరలు పోల్చేటప్పుడు మొత్తం ధరని కార్పెట్ ఏరియాతో భాగించండి. ఎస్‌ఎఫ్‌టీకి తక్కువ రేటు చెప్పిన ఫ్లాటు ఇలా లెక్కేస్తే ఎక్కువ ఖరీదు కావడం చాలాసార్లు చూశాను.

టేపు పట్టుకెళ్ళండి. మా మరదలు ఒక మోడల్ ఫ్లాటులో బెడ్‌రూమ్ చూసి మురిసిపోయింది. కొలిస్తే అక్కడ వేసిన మంచం మామూలు డబుల్ కాట్ కన్నా అరడుగు పొట్టి. వాళ్ళింట్లో ఉన్న మంచం వేసి బీరువా పెడితే తలుపు పూర్తిగా తెరుచుకోదు.

ఇండిపెండెంట్ ఇల్లు

100 నుంచి 200 గజాల్లో గ్రౌండ్ మీద ఒకటో రెండో అంతస్తులు. నేలంతా మీదే, పైన ఒక పోర్షన్ అద్దెకిస్తే ఈఎంఐకి కొంత ఆసరా. బియ్యం బస్తా దింపడానికి, ఇంట్లో శుభకార్యం చేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వరంగల్, కర్నూలు, రాజమండ్రి లాంటి ఊళ్ళలో మొదటి ఇల్లు అనగానే చాలామంది మనసులో మెదిలేది ఇదే. ఫ్లాటు ధరకే ఇల్లు దొరుకుతుంటే, ఇంట్లో చూసుకునే మనిషి ఉంటే, నేను కూడా దీనికే ఓటేస్తాను.

ముఖ్యంగా చూడాల్సింది ఎత్తు. గుమ్మం ముందు నిలబడి వీధి ఎత్తుగా ఉందా, మీ నేల ఎత్తుగా ఉందా చూడండి. సీసీ రోడ్డు మీద మళ్ళీ రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి పెరుగుతుంది, ఇల్లు అక్కడే ఉంటుంది. 2020 అక్టోబర్ వానలకి హైదరాబాద్‌లో ఎన్నో కాలనీల్లో కింది ఇళ్ళు, సెల్లార్లు మునిగాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. పక్కింటి గోడ మీద నీటి మరక ఎంత ఎత్తులో ఉందో వెతకండి, కొత్త రంగు వేసిన ఇంట్లో అది కనబడదు. కిరాణా కొట్టు అతన్ని అడిగితే ఏ వానకి ఎంత లోతు వచ్చిందో చేత్తో చూపిస్తాడు. విశాఖలో సముద్రానికి దగ్గరగా తీసుకునేవాళ్ళు కిటికీ గ్రిల్స్, స్లాబ్ అడుగున తుప్పు మరకలు చూసుకోవాలి. ఉప్పుగాలి ఇనుముని త్వరగా తినేస్తుంది.

మున్సిపాలిటీ మంజూరు చేసిన ప్లాను తీసుకుని ఇంటి చుట్టూ తిరగండి. ప్లానులో రెండంతస్తులుండి ఇంటికి మూడుంటే బ్యాంకు ఇంజినీర్ పైదానికి విలువ కట్టడు.

విల్లా

పేరు చూసి భయపడకండి, మురిసిపోకండి. సొంత నేల, సొంత గోడలు, గేటెడ్ ఏర్పాటు మూడూ కావాలనుకునేవాళ్ళకి ఇది. ధర బడ్జెట్ దాటిపోవడం వల్ల మొదటి ఇల్లుగా కొనేవాళ్ళు తక్కువ. కొంటే, అది మంజూరైన లేఅవుట్‌లోనే ఉందా, లేఅవుట్ రోడ్లు, పార్కు స్థలం స్థానిక సంస్థకి గిఫ్ట్ డీడ్‌తో రాసిచ్చారా అడగండి. ఊరి చివర నాలుగు డూప్లెక్స్‌లు కట్టి విల్లాలని అమ్మేవాటిలో ఇవేవీ ఉండవు. చెరువు వ్యూ అని ప్రకటిస్తే ఇంకా జాగ్రత్త. చెరువు నిండినప్పుడు నీరు నిలిచే హద్దు, ఎఫ్‌టీఎల్, దాని చుట్టూ బఫర్ జోన్ ఉంటాయి. అక్కడ ఇల్లు కట్టకూడదు. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక ఎఫ్‌టీఎల్‌లో కట్టిన విల్లాలని కూల్చడం అందరం టీవీల్లో చూశాం. హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ పరిధి చెరువుల మ్యాపులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, సర్వే నంబరు పట్టుకుని చూసుకోవచ్చు.

ఓపెన్ ప్లాటు

ఇది ఇల్లు కాదు. "ముందు ప్లాటు కొనేద్దాం, తర్వాత కట్టుకుందాం" అనేవాళ్ళకి నేను అడిగేది ఒక్కటే: ఆ 'తర్వాత' ఏ సంవత్సరం? ప్లాటు కొన్నాక కూడా అద్దె కడుతూనే ఉంటారు, ప్లాటు రుణం ఈఎంఐ కడతారు, కట్టడానికి మళ్ళీ రుణం తీసుకుంటారు. మూడేళ్ళలో కట్టగలం అనుకుంటేనే ఇది మొదటి ఇల్లు అవుతుంది. లేకపోతే అది పెట్టుబడి, దాని లెక్క వేరే.

ఇళ్ళ స్థలంగా మారని సాగుభూమిని ముక్కలు చేసి 'ఫామ్ ప్లాట్' పేరుతో అమ్మేవాటికి దూరంగా ఉండండి. విదేశాల్లో ఉన్న మనవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఎన్నారైలు మన దేశంలో సాగుభూమి, ఫామ్‌హౌస్ కొనడానికి విదేశీ మారక చట్టం ఫెమా నిబంధనలు ఒప్పుకోవు. ఫ్లాటు, ఇల్లు, ఇళ్ళ స్థలం కొనుక్కోవచ్చు.

4. కట్టేసిందా, కడుతున్నదా

మా తమ్ముడికి ఇది చాలా కష్టమైన ప్రశ్న. కడుతున్నదాంట్లో ధర తక్కువ, డబ్బు విడతలుగా కట్టొచ్చు. కానీ మూడేళ్ళు అద్దె ఒకవైపు, వడ్డీ ఒకవైపు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి వడ్డీ మీద మినహాయింపు కూడా ఇల్లు పూర్తయ్యాకే మొదలవుతుంది. ఇప్పుడు మీరు కట్టే అద్దెని 36తో గుణించి, జీఎస్టీ కలిపి, ధరలో వచ్చే తేడాతో పోల్చండి. తేడా అంతకన్నా పెద్దది కాకపోతే ఎదురుచూపు దండగ.

రెరా చట్టం 2016లో వచ్చింది, 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. నమోదైన ప్రాజెక్టులో మీరు కట్టిన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖర్చుకే వాడేలా బిల్డర్ విడి ఖాతాలో పెట్టాలి. రిజిస్టర్ చేసిన సేల్ అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. చెప్పిన తేదీకి ఇవ్వకపోతే వడ్డీ అడగొచ్చు, వద్దనుకుంటే డబ్బు వడ్డీతో వెనక్కి అడగొచ్చు. ఇల్లు అప్పగించిన ఐదేళ్ళలో కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే సరిచేయాలి.

ఇక్కడ ఇంటి రకంతో ముడిపడిన ఒక విషయం ఉంది. స్థలం 500 చదరపు మీటర్లకి, అంటే సుమారు 600 గజాలకి మించకపోతే, లేదా ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోతే రెరాలో నమోదు చేయక్కర్లేదు. అంటే పైన చెప్పిన 500 గజాల స్టాండలోన్‌కి రెరా నంబరే ఉండకపోవచ్చు. అలాంటిది కడుతుండగా కొంటే మీకున్న ఆధారం ఆ బిల్డర్ మాటే. చిన్న అపార్ట్‌మెంట్ అయితే పూర్తయ్యాకే, ఓసీ చేతిలో చూశాకే కొనండి. కడుతున్నది కొనాలంటే రెరాలో ఉన్న పెద్ద ప్రాజెక్టుకే వెళ్ళండి.

'ప్రీలాంచ్ ఆఫర్, మొత్తం డబ్బు ముందే కడితే సగం ధర' అన్నది ఎవరు చెప్పినా, బంధువు చెప్పినా, వద్దనండి. అనుమతులు రాకముందే నేలలో వాటా రాసిచ్చి డబ్బు వసూలు చేసే పద్ధతి ఇది. ఇందులో ఇరుక్కుని జీవితకాలపు పొదుపు పోగొట్టుకున్న కుటుంబాలు హైదరాబాద్‌లో ఎన్నో ఉన్నాయి. చివరికి ఆ నేల మీద బిల్డింగ్ లేస్తుందో లేదో చెప్పేవాళ్ళుండరు.

5. కాగితాలు: ఏ రకానికి ఏది ముఖ్యం

ఏ రకమైనా కనీసం ముప్ఫై ఏళ్ళ ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాలు చూపే పత్రం, తీయించండి, పాత యజమానుల లింక్ డాక్యుమెంట్లు ఒకదాని తర్వాత ఒకటి తెగకుండా ఉన్నాయా చూడండి. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో లేదని రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూములు అందులో ఉంటాయి. బ్యాంకు రుణం ఇస్తోంది కదా అని సొంత లాయర్‌ని మానుకోకండి. బ్యాంకు లాయర్ చూసేది బ్యాంకు క్షేమం.

అపార్ట్‌మెంట్‌కి అదనంగా అడగాల్సింది మార్ట్‌గేజ్ సంగతి. ప్లానుకి తేడాగా కట్టకుండా ఉండేందుకు బిల్డర్ పది శాతం నిర్మాణాన్ని అనుమతిచ్చిన సంస్థకి తనఖా పెడతాడు. ఓసీ వచ్చాక అది విడుదలవుతుంది. మీకు చూపించిన ఫ్లాటు ఆ తనఖాలో ఉందేమో నంబరుతో సహా అడగండి. కారు పార్కింగ్ స్లాట్ నంబరు కూడా డీడ్‌లో ఉండాలి. నీళ్ళకి వాటర్ బోర్డు కనెక్షన్ ఉందంటే క్యాన్, అంటే వినియోగదారు ఖాతా, నంబరు, బిల్లు చూపించమనండి. "అప్లై చేశాం" అంటే లేదని అర్థం.

అమ్మేవాళ్ళు అమెరికాలో ఉండి జీపీఏ, అంటే ఇంకొకరికి రాసిచ్చిన అధికార పత్రం, మీద అమ్ముతుంటే తొందరపడకండి. మామూలుగా 50 లక్షలు, అంతకు మించిన ఆస్తికి కొనేవాళ్ళు ధరలోంచి 1 శాతం టీడీఎస్, అంటే అమ్మేవారి తరఫున పన్ను, పట్టుకుని కట్టాలి. అమ్మేవారు ఎన్నారై అయితే ఈ 1 శాతం లెక్క వర్తించదు, పట్టుకోవాల్సింది చాలా ఎక్కువ. ఆడిటర్‌ని కూర్చోబెట్టి లెక్క వేయించాకే అడ్వాన్స్ ఇవ్వండి.

6. మూడుసార్లు చూడండి

తేలిన రకంలో మూడు ఇళ్ళకి మించి పెట్టుకోవద్దు. ఒక్కోదాన్ని మూడు వేళల్లో చూడండి. పొద్దున ఎనిమిదిన్నరకి, ఆఫీసుకి బయల్దేరే టైములో. మధ్యాహ్నం రెండింటికి, పడమర గోడ మీద చెయ్యి పెట్టి ఎంత కాలుతోందో చూడ్డానికి. రాత్రి తొమ్మిదిన్నరకి, బస్సు దిగి నడిచొచ్చే సందులో దీపాలున్నాయో లేదో తెలియడానికి. వాన పడ్డ రోజు కుదిరితే అన్నీ వదిలి వెళ్ళండి.

వాస్తు పట్టింపు ఉంటే మొదటిరోజే పెద్దవాళ్ళని తీసుకెళ్ళండి. అడ్వాన్స్ ఇచ్చాక మావగారొచ్చి ఈశాన్యంలో బాత్రూం ఉందంటే ఇంట్లో మనశ్శాంతి పోతుంది, అడ్వాన్సూ పోతుంది.

మా తమ్ముడు వాళ్ళు చివరికి రెండు బెడ్‌రూమ్‌ల పాత ఫ్లాటు కొన్నారు. ఏడేళ్ళ గేటెడ్ కమ్యూనిటీ, రెండో అంతస్తు. లిఫ్టు ఆగిపోయినా పిన్ని మెల్లగా ఎక్కగలదని రెండో అంతస్తే పట్టుబట్టారు. ఏప్రిల్ నెలాఖరులో ఒక మధ్యాహ్నం మరదలు అక్కడి సెక్యూరిటీ గార్డుతో ట్యాంకర్ల రిజిస్టర్ తెరిపించి, గత వేసవిలో నెలకి ఎన్ని వచ్చాయో ఫోన్లో ఫోటో తీసుకుంది. ఆ రాత్రే అడ్వాన్స్ ఇద్దామని నాకు ఫోన్ చేశారు.

రిజిస్ట్రేషన్ రోజు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకానికి ముందు పేర్ల స్పెల్లింగు, ఆధార్, పాన్ నంబర్లు, నాలుగు హద్దులు, యూడీఎస్ గజాలు, పార్కింగ్ నంబరు గట్టిగా చదివించుకోండి. భార్యాభర్తలిద్దరి పేర్లూ పెట్టించుకోండి. వారం పదిరోజులకి కొత్త ఈసీ తీయించి అందులో మీ పేరు ఎక్కిందో లేదో చూడండి. ఆ తర్వాత ఆస్తిపన్ను రికార్డులో పేరు మార్పించే మ్యుటేషన్, కరెంటు మీటరు పేరు మార్పు. ఈ రెండూ ఇంట్లో దిగిన హడావిడిలో మర్చిపోతారు, ఏళ్ళ తర్వాత అమ్మబోయినప్పుడు గుర్తొస్తాయి. పాలు పొంగించిన వారంలోనే చేయించేయండి.